బ్యాటరీ బగ్గీ కొనాలా వద్దా: ధర కంటే ముందు వేయాల్సిన లెక్కలు

గేటెడ్ కమ్యూనిటీల మీటింగుల్లో ఈ మధ్య తరచుగా వినిపించే ప్రతిపాదన ఒకటుంది. మెయిన్ గేటు నుంచి ఇళ్ల దాకా తిరగడానికి ఒక బ్యాటరీ బగ్గీ కొందామని. పెద్దవాళ్లకు బాగుంటుందని కొందరంటారు. ఇదంతా షోకు, మెయింటెనెన్స్ చార్జీలు పెంచే పని అని ఇంకొందరంటారు. మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించి, నాలుగు లక్షల బండా ఆరు లక్షల బండా అని గంటసేపు వాదించుకుంటారు. ఊరి బయట పదో ఇరవయ్యో ఎకరాల తోట ఉన్నవాళ్ల ఇళ్లలోనూ ఇదే చర్చ నడుస్తోంది. అక్కడ బగ్గీకి బదులు, వెనక తొట్టి ఉన్న యుటిలిటీ వెహికల్ గురించి. అమెరికాలో జాన్ డీర్ గేటర్, కవాసాకీ మ్యూల్ లాంటివి చూసొచ్చిన కొడుకో అల్లుడో మన తోటకూ అలాంటిది ఒకటి ఉంటే బాగుంటుందంటాడు.

రెండు చోట్లా మాటలన్నీ బండి ధర చుట్టూనే తిరుగుతాయి. నాకు తెలిసినంతలో ఈ బండ్ల విషయంలో తేల్చాల్సింది ధర కంటే ముందు రెండు సంగతులు. ఒకటి, అదే పని రోజూ, రోజుకు చాలాసార్లు ఉందా? రెండు, బండిని నడిపేది, రాత్రి చార్జింగ్ పెట్టేది, బ్యాటరీలు చూసుకునేది ఎవరు? ఈ రెండింటికీ సరైన జవాబు ఉంటే ఏడు లక్షల బండి కూడా గిట్టుబాటు అవుతుంది. లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో లక్షన్నరకు దొరికినా అది షెడ్డులో మూలన పడే సామానే.

మూడు రకాల బండ్లు, ఒకే పేరు

ముందు ఒక గందరగోళం తీసేయాలి. గోల్ఫ్ కార్ట్ అన్నది పచ్చిక మీద ఇద్దరు మనుషుల్నీ, రెండు గోల్ఫ్ బ్యాగుల్నీ మోయడానికి తయారైన బండి. ఎనిమిది అంగుళాల రిమ్ముతో చిన్న చక్రాలు, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తు, గంటకు పాతిక కిలోమీటర్ల లోపు వేగం. దాన్నే పొడుగు చేసి ఆరు, ఎనిమిది, పద్నాలుగు సీట్లు వేస్తే రైల్వే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో మనం బ్యాటరీ కారు అని, కమ్యూనిటీల్లో బగ్గీ అని పిలిచేది తయారవుతుంది.

యుటిలిటీ వెహికల్ వేరే జాతి. పెద్ద చక్రాలు, అడుగు దాకా గ్రౌండ్ క్లియరెన్స్, చాలా మోడళ్లలో ఫోర్ వీల్ డ్రైవ్, మీద కాపాడే ఇనప ఫ్రేము, వెనక ఎత్తిపోసే తొట్టి. ఎక్కువ వాటికి పెట్రోలు లేదా డీజిల్ ఇంజినే. మూడోది ఈ-కార్ట్. ఈ-రిక్షాకు సరుకు మోసే తమ్ముడు. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం 310 కిలోల దాకా సరుకు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాని హద్దులు. దీన్ని రిజిస్టర్ చేయించి రోడ్డెక్కించవచ్చు.

అమ్మేవాళ్లు గోల్ఫ్ కార్ట్ వెనక సీటు తీసేసి ఒక ఇనప పెట్టె బిగించి దానికీ యుటిలిటీ అనే పేరే పెడతారు. పెట్టె మారుతుంది కానీ ఇరుసు, స్ప్రింగులు, బ్రేకులు పాతవే. కాబట్టి పేరు వదిలేసి, డ్రైవరుతో కలిపి ఎన్ని కిలోలు మోయగలదో స్పెసిఫికేషన్ కాగితంలో చూడండి. ఆ అంకె కాగితంలో లేకపోతే అడిగి రాయించుకోండి.

ఎక్కడ బాగా పనికొస్తుందో తెలియాలంటే హైదరాబాద్ నెహ్రూ జూ పార్కును చూస్తే చాలు. దాదాపు 380 ఎకరాలు. ఎండాకాలం పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చిన కుటుంబాలు అంత దూరం నడవలేవు. బ్యాటరీ బండి ఒకే దారిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతుంది, ఎక్కేవాళ్లు డబ్బులిచ్చే ఎక్కుతారు, నడపడానికి మనుషులున్నారు. పని, మనిషి, ఆదాయం మూడూ ఉన్న చోటు అది. మీ చోటు దీనికి ఎంత దగ్గరగా ఉందో పోల్చి చూసుకోండి.

ఇరుగుపొరుగు లెక్క

గేటెడ్ కమ్యూనిటీలో ఆరు సీట్ల బగ్గీ కొన్నారనుకుందాం. కింద చెప్పే అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ కొటేషన్ ప్రకారం మార్చుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

బండి ధర 6 లక్షలు, ఎనిమిదేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి 75,000. లెడ్ యాసిడ్ బ్యాటరీల సెట్ లక్ష రూపాయలు. మన ఎండలకు మూడేళ్లు వస్తే, ఎనిమిదేళ్లలో బండితో వచ్చిన సెట్ కాక ఇంకో రెండు సెట్లు కావాలి, అంటే ఏడాదికి 25,000. కరెంటు ఖర్చు గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. చదునైన సిమెంట్ రోడ్డు మీద ఇలాంటి బండి కిలోమీటరుకు వంద నుంచి నూటయాభై వాట్ అవర్లు తాగుతుంది (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తిరిగినా, చార్జింగ్‌లో పోయేది కలుపుకుని ఐదారు యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా ఏడాదికి 22,000 దాటదు. టైర్లు, బ్రేకు షూలు, కేబుళ్లు, సర్వీసు కలిపి 25,000. ఇన్సూరెన్సుకు 10,000.

ఇప్పుడు డ్రైవర్. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా బండి తిరగాలంటే రెండు షిఫ్టులు, ఇద్దరు మనుషులు. ఒక్కొక్కరికి నెలకు 15,000 అనుకున్నా ఏడాదికి 3,60,000.

అన్నీ కలిపితే ఏడాదికి 5,17,000. అందులో డెబ్బై శాతం డ్రైవర్ల జీతమే. నాలుగు లక్షల బండి కొన్నా, ఆరు లక్షల బండి కొన్నా ఏడాదికి తేడా 25,000. మీటింగులో గంటసేపు వాదించుకున్నది ఆ పాతిక వేల గురించి. మూడు లక్షల అరవై వేల గురించి ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే కొటేషన్‌లో ఆ గడి ఉండదు.

400 ఇళ్లున్న చోట ఇది ఇంటికి నెలకు 108 రూపాయలు. 80 విల్లాలున్న చోట దాదాపు 540. ఇంకోలా చూస్తే, బండి రోజుకు 1,400 రూపాయలు తింటుంది. రోజుకు 150 మంది ఎక్కితే ఒక్కో ప్రయాణానికి పదిలోపే. 20 మంది ఎక్కితే డెబ్బై. డెబ్బై రూపాయలకు బయటి ఆటోనే ఇంటి గుమ్మం ముందు దింపిపోతుంది.

అందుకే చిన్న కమ్యూనిటీలు బగ్గీ గురించి ఆలోచించే ముందు ఒక నిబంధన మార్చుకుంటే చాలంటాను. ఆటోను, క్యాబును లోపలికి రానివ్వండి. చాలా చోట్ల ఆటోను గేటు దగ్గరే ఆపేస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మందుల సంచి పట్టుకుని ఎండలో అర కిలోమీటరు నడుస్తుంది. తర్వాత ఆ బాధ తీర్చడానికే లక్షలు పోసి బండి కొంటామంటారు. వాచ్‌మన్ దగ్గర ఆటో నంబరు రాయించి పంపితే ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది. గేటు దగ్గర రెండు వీల్‌చెయిర్లు పెడితే ఇంకొంత.

పెద్ద కమ్యూనిటీల్లో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గేటు నుంచి ఇళ్ల దాకా రోజూ ఎక్కువసార్లు నడిచేది ఎవరు? ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, వంటమనుషులు, ఆయాలు, తోటమాలులు. సొంత ఇళ్లవాళ్లలో చాలామంది కార్లలో, స్కూటర్ల మీద నేరుగా లోపలికొస్తారు. బగ్గీ కొన్న తర్వాత 'రెసిడెంట్స్ ఓన్లీ' అని బోర్డు పెడితే బండి ఖాళీగా తిరుగుతుంది, పక్కనే పనిమనిషి చెమటలు కక్కుతూ నడుస్తుంది. ఆ బోర్డు నాకు మనసు ఒప్పదు. లెక్క ప్రకారం కూడా తప్పే. ప్రయాణాల సంఖ్య పెరిగితేనే ఒక్కో ప్రయాణం ఖర్చు తగ్గుతుంది, ఆ సంఖ్యను ఇచ్చేది వాళ్లే. పొద్దున ఆరున్నరకు మొదటి బస్సు దిగి వచ్చే ఆవిడను బగ్గీ ఎక్కించుకుంటే, ఆవిడ మూడో ఇంటికి కూడా అలిసిపోకుండా వెళ్తుంది. బగ్గీ కొనే తీర్మానంలోనే అందరూ ఎక్కొచ్చన్న వాక్యం రాయించండి. ఆ వాక్యానికి మీటింగ్ ఒప్పుకోకపోతే బండికి నేను ఓటు వేయను.

సీటు ఎత్తి చూడండి

ఈ బండ్ల ఆయుష్షు సీటు కింద ఉంటుంది. మామూలు 48 వోల్టుల లెడ్ యాసిడ్ బండిలో సీటు ఎత్తితే ఆరు వోల్టుల బ్యాటరీలు ఎనిమిది కనిపిస్తాయి. ఒక్కోటి ఇరవై ఎనిమిది కిలోల దాకా బరువు, అంటే బ్యాటరీలే రెండు క్వింటాళ్ల పైన. ఒక్కోదానికి మూడు మూతలు, మొత్తం ఇరవై నాలుగు సెల్స్. ఈ ఇరవై నాలుగూ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి అందులో ఒక్క సెల్ పాడైనా బండి మొత్తం నీరసపడుతుంది.

ఏ బండి దగ్గరైనా సరే, టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే దాన్ని ఎవరూ చూసుకోవడం లేదని అర్థం. మూత తీసి లోపలికి టార్చి వేయండి. సీసం ప్లేట్లు నీళ్లపైకి తేలి కనిపిస్తే ఆ సెల్ ఆరోగ్యం పోతున్నట్టే. గాలికి ఆరిన ప్లేటు మళ్లీ పూర్తిగా కోలుకోదు.

ఇందులో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు పోస్తే అందులోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. మన ప్రాంతంలో బోరు నీళ్లు ఎంత గట్టివో వేరే చెప్పాలా? ఇంట్లో ఆర్‌ఓ మిషన్ నీళ్లు కూడా దీనికి సరిపోవు. ఎప్పుడు పోయాలన్నది ఇంకా ముఖ్యం. చార్జింగ్ పూర్తయ్యాక పోయాలి. ముందే నిండుగా పోస్తే చార్జింగ్‌లో ద్రవం ఉబ్బి, యాసిడ్ పొంగి బయటికి కారుతుంది, ట్రే తుప్పు పడుతుంది. ప్లేట్లు మరీ బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత వరకే ముందు పోసి, మిగతాది చార్జింగ్ తర్వాత నింపాలి. ఈ పని ఎండాకాలంలో వారం పది రోజులకోసారి ఉంటుంది. పది నిమిషాల పనే కానీ ఫలానా వాళ్లదని పేరు పెట్టకపోతే ఎవరూ చేయరు.

ఇంకో సంగతి వేడి. బ్యాటరీ కంపెనీలు చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్క. అక్కడి నుంచి సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది లెడ్ యాసిడ్ విషయంలో అందరూ వాడే సూత్రం. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇక్కడ ఐదేళ్ల వాగ్దానం ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. రేకుల షెడ్డులో కాకుండా చెట్టు నీడనో, గాలాడే కప్పు కిందో పెట్టాలి. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు బయటికొస్తుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కాబట్టి తలుపులు మూసిన బేస్‌మెంట్ గదిలో చార్జింగ్ అస్సలు పెట్టకూడదు.

సగానికంటే ఎక్కువ ఖాళీ చేయకుండా వాడటం లెడ్ యాసిడ్‌కు మంచిది. అమ్మేవాళ్లు చెప్పే 'ఒక్క చార్జింగ్‌కు అరవై కిలోమీటర్లు' అన్నది కొత్త బ్యాటరీతో, చదును నేల మీద, ఇద్దరు మనుషులతో, చుక్క మిగలకుండా వాడితే వచ్చే అంకె. రోజువారీ పనికి దాంట్లో సగమే లెక్కలోకి తీసుకోండి.

లిథియం తీసుకుంటే నీళ్ల గొడవ ఉండదు, బరువు బాగా తగ్గుతుంది, మధ్యాహ్నం డ్రైవర్ భోజనానికి వెళ్లినప్పుడు గంటసేపు చార్జింగ్ పెట్టినా నష్టం లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం రెండు వేల సైకిళ్లకు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) పైగా వస్తుంది. ధర లెడ్‌కు రెట్టింపు పైనే. రోజూ రెండు షిఫ్టులు తిరిగే బండికి లిథియమే నయం. ఎనిమిదేళ్లలో రెండుసార్లు లెడ్ సెట్ మార్చే ఖర్చు తప్పుతుంది కాబట్టి ముందు పెట్టిన అదనపు డబ్బు తిరిగొస్తుంది. కానీ లిథియం అనే మాట ఒక్కటే విని కొనొద్దు. సెల్ ఏ రకం, వారంటీ ఎన్నేళ్లు, ఆ ఏళ్లు పూర్తయ్యేసరికి ఎంత శాతం సామర్థ్యం మిగిలి ఉండాలని రాసిచ్చారు, ప్యాక్ పాడైతే మన ఊళ్లో బాగుచేసేవాళ్లున్నారా అన్నవి కాగితం మీద ఉండాలి.

వారాంతంలో మాత్రమే వెళ్లే ఫామ్‌హౌస్‌కు అయితే లెడ్ బండి వద్దని ముఖం మీదే చెబుతాను. వాడకపోయినా లెడ్ బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది, ఎండలో ఇంకా తొందరగా. దిగిపోయిన స్థితిలో వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి చార్జింగ్ పట్టదు. పైగా పొలం కరెంటు కనెక్షన్ మోటార్ల కోసం ఇచ్చింది. బండి చార్జింగ్‌కు విడిగా మీటరు ఉండాలి.

'పాతిక లోపు స్పీడే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు సార్'

ఈ మాట ప్రతి సేల్స్‌మన్ చెబుతాడు. సగం నిజమే. బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించకుండా వదిలేసే నిబంధన ఒకటి ఉంది కానీ, అందులో గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో పాటు మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండాలన్న షరతూ ఉంది. అది చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు వర్తించేది. బగ్గీ మోటారు మూడు నాలుగు వేల వాట్లు ఉంటుంది. కాబట్టి ఆ మినహాయింపు దీనికి రాదు.

బగ్గీకి దారి చూపించేది వేరే చోట ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్, ఫ్యాక్టరీలోనో మరే ఇతర మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక తరహా వాహనాన్ని మోటారు వాహనం నిర్వచనం నుంచి తప్పించింది. ఆవరణ లోపలే ఉన్నంత కాలం ఇది అండగా ఉంటుంది. దీనికి దగ్గరి ప్రశ్న ఒకటి మన విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కర్మాగారం డిస్పాచ్ యార్డులో, ప్రహరీ లోపల మాత్రమే తిరిగిన వాహనాలకు మోటారు వాహన పన్ను కట్టాలా అన్నది వివాదం. ఆ యార్డు ఎవరు పడితే వాళ్లు రాగలిగే బహిరంగ ప్రదేశం కాదు కాబట్టి అక్కడ మాత్రమే వాడిన వాహనాలపై పన్ను పడదని 2025 ఆగస్టులో కోర్టు చెప్పింది.

దీన్ని విని గేటెడ్ కమ్యూనిటీలు మరీ నిశ్చింతగా ఉండకూడదు. మన రెండు రాష్ట్రాల్లో చాలా లేఅవుట్ల రోడ్లు గిఫ్ట్ డీడ్ ద్వారా పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిచ్చి ఉంటాయి. గేటు మనం పెట్టుకున్నా రోడ్డు మనది కాకపోవచ్చు. ప్రజలకు వచ్చే హక్కున్న చోటును చట్టం బహిరంగ ప్రదేశంగానే చూస్తుంది. అక్కడ ఇన్సూరెన్స్ లేని బండి ఎవరినైనా గుద్దితే అసోసియేషన్ సభ్యుల మెడకు చుట్టుకుంటుంది. కొనే ముందే మీ లేఅవుట్ కాగితాలు తీసి రోడ్లు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోండి. గేటు దాటి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు దాకా వెళ్లినా అది రోడ్డే. అక్కడికి కూడా తిరగాలంటే రిజిస్టర్ అయ్యే ఈ-రిక్షా మేలు. పెద్ద గోల్ఫ్ కార్ట్ దారుల ఊళ్లు, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని పీచ్‌ట్రీ సిటీ లాంటివి చూసొచ్చినవాళ్లు ఇక్కడ కూడా అలాగే తిరుగుదామనుకుంటారు. అక్కడ ఊరంతా కార్ట్‌ల కోసం విడిగా దారులు వేసుకున్నారు. మనకు అవి లేవు.

తోటలో సంగతి

ఇరవై ఎకరాలు అంటే ఎంతో పెద్దదిగా వినిపిస్తుంది. చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో వైపు 285 మీటర్లు. ఈ మూల నుంచి ఎదుటి మూలకు 400 మీటర్లు, ఐదు నిమిషాల నడక. మనిషి తిరగడానికైతే బండి అక్కర్లేదు. కాబట్టి ప్రశ్న సరుకు మోయడం గురించే.

మామిడి తోట తీసుకోండి. పాత పద్ధతిలో పది మీటర్ల దూరంలో పెట్టిన చెట్లు ఎకరానికి నలభై, ఇరవై ఎకరాలకు ఎనిమిది వందలు. కాయ కోసే నెలన్నరలో మోత చాలా ఉంటుంది. కానీ మన దగ్గర చాలామంది పూత దశలోనో పిందె దశలోనో తోటను గుత్తకు ఇచ్చేస్తారు. కోత కూలీలు, క్రేట్లు, బండి అన్నీ గుత్తేదారువే. రైతుకు మిగిలేది ఏడాదిలో కొన్ని రోజుల పశువుల ఎరువు తోలకం, మందు పిచికారీ, డ్రిప్పు పైపుల మరమ్మతు. ఎరువుకు ట్రాక్టరు ట్రక్కు ఎలాగూ కావాలి. పిచికారీకి కూడా ట్రాక్టరే. పైపులు, ఒక గన్నీ సంచి, నీళ్ల క్యాను మోయడానికి టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఉంది. గట్టు మీద పోతుంది, బురదలో దిగబడితే ఇద్దరు ఎత్తి పెట్టేస్తారు, ఏ ఊళ్లో మెకానిక్ అయినా బాగుచేస్తాడు. నల్లరేగడిలో వాన పడ్డ మర్నాడు గోల్ఫ్ కార్ట్ చిన్న చక్రాలు ఏమవుతాయో చెప్పనక్కర్లేదు. దిగుమతి యుటిలిటీ బండి ఆ బురద దాటుతుంది కానీ దాని బెల్టు తెగితే స్పేర్ పార్ట్ కోసం వారాలు ఎదురుచూడాలి.

అలాంటి బండి కొన్నా దాంతో ఊళ్లోకి పోవడం కుదరదన్నది ఇంకో చిక్కు. పోలారిస్ కంపెనీ 2019లో స్పోర్ట్స్‌మన్ 570 అనే తన నాలుగు చక్రాల బండిని ట్రాక్టర్‌గా ఆమోదం తెచ్చుకుని మన దేశంలో రోడ్డెక్కించింది. అలా రోడ్డుకు ఆమోదం లేని బండి పక్క పొలం దాకా వెళ్లాలన్నా ట్రాలీ ఎక్కాల్సిందే. అదే డబ్బులో చిన్న ట్రాక్టర్ వస్తుంది, అది దున్నుతుంది కూడా. సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ అయితే తోటలోంచి నేరుగా మార్కెట్ యార్డుకు పోతుంది.

రోజూ మోత ఉన్న వ్యవసాయం సంగతి వేరు. కడియం నర్సరీల్లో కుండీలు ఒక మడి నుంచి ఇంకో మడికి, అక్కడి నుంచి లారీ దగ్గరికి ఏడాది పొడవునా కదులుతూనే ఉంటాయి. కోళ్ల ఫారాల్లో పొద్దున దాణా బస్తాలు షెడ్లకు వెళ్లాలి, సాయంత్రం గుడ్ల ట్రేలు గోడౌనుకు రావాలి, పండగ రోజైనా తప్పదు. డెయిరీలో గడ్డి, పేడ. ఇలాంటి చోట దారి గట్టిగా ఉంటే మూడు చక్రాల ఎలక్ట్రిక్ లోడర్ గానీ ఈ-కార్ట్ గానీ నిజంగా ఖర్చు రాబడుతుంది. శబ్దం లేకపోవడం కోళ్లకూ మంచిదే. నెత్తిన బస్తా మోసే మనిషి నడుముకు దొరికే విశ్రాంతిని రూపాయల్లో వేయకపోయినా, ఆ ఒక్క కారణం చాలు కొనడానికి. భీమవరం వైపు చెరువు గట్ల మీద మాత్రం నాలుగు చక్రాల బండి ఏదైనా ప్రమాదమే. గట్టు వెడల్పు టేపు పెట్టి కొలిచాకే ఆలోచించాలి.

బ్రేకులు, పిల్లలు

చాలా గోల్ఫ్ కార్ట్‌లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. చదునులో సరిపోతాయి. బేస్‌మెంట్ ర్యాంపు మీద ఆరుగురితో దిగేటప్పుడు, గుట్ట మీది రిసార్టులో వాలు దిగేటప్పుడు సరిపోవు. వాలు ఉన్న చోటుకు నాలుగు చక్రాలకూ బ్రేకులున్నది, ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) మోటారుతో వాలులో దానంతటదే వేగం తగ్గించుకునేది తీసుకోవాలి. తలుపులు లేని బండి కాబట్టి ఎక్కువ దెబ్బలు తగిలేది గుద్దుకోవడం వల్ల కంటే బండిలోంచి జారిపడటం వల్ల. వెనక్కి తిరిగి కూర్చునే సీటులో చిన్నపిల్లలు ఉన్నప్పుడు డ్రైవర్ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే వాళ్లు ముందుకు, అంటే రోడ్డు మీదికి పడతారు. ఆ సీటుకు బెల్టు, పట్టుకునే కడ్డీ లేకుండా బండి తీసుకోవద్దు.

తాళం చెవి పిల్లల చేతికి ఇచ్చే అలవాటును మొదటిరోజే ఆపాలి. బండి మోటారు వాహనం కిందికి వస్తుందని తేలిన సందర్భంలో మైనర్ నడిపి ఏదైనా జరిగితే, 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి లేదా తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా ఉన్నాయి.

కొనే ముందు ఒక నెల

చాలా కంపెనీలు, డీలర్లు నెల అద్దెకు బగ్గీ ఇస్తారు. ఎండాకాలం ఒక నెల, కుదిరితే వానాకాలం ఇంకో నెల అద్దెకు తీసుకోండి. డ్రైవర్ చేతికి ఒక నోట్‌బుక్ ఇచ్చి నాలుగే గడులు గీయండి: టైము, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది, ఎవరు. ఎవరు అన్న గడిలో పేర్లు అక్కర్లేదు. పెద్దవాళ్లు, పిల్లలు, పనివాళ్లు, గెస్టులు అని రాస్తే చాలు. ఎక్కాలని అడిగి, సీటు లేకనో బండి రాకనో నడిచి వెళ్లినవాళ్లను కూడా గేటు దగ్గర వాచ్‌మన్ రాయాలి. ఆ సంఖ్య లేకపోతే బండి చిన్నదైందా, ఒకటి చాలదా అన్నది తెలియదు.

అద్దె బండినే చివరి వారంలో ఒకసారి నిండా మనుషులతో, పది కిలోమీటర్లు తిరిగిన తర్వాత, ర్యాంపు మధ్యలో ఆపి మళ్లీ కదిలించి చూడండి. వెనక్కి జారకుండా ఎక్కితే మోటారు, బ్రేకు రెండూ మీ చోటుకు సరిపోతాయి. సెకండ్ హ్యాండ్ లెడ్ బండి అయితే దీంతో పాటు యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ తీసుకెళ్లి, నిండా చార్జ్ అయ్యాక ఇరవై నాలుగు సెల్స్‌నూ కొలవండి. 1.265 దగ్గర ఉండాలి. ఏ రెండు సెల్స్ మధ్యనైనా 0.050 కంటే ఎక్కువ తేడా ఉంటే కొత్త బ్యాటరీల సెట్ ఖర్చును అమ్మేవాడు చెప్పిన ధరకు కలిపి చూసుకుని, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.